అత్తగారి హడావుడి

తెల్లవారకముందే ఆ ఇంట్లో హడావుడి మొదలైంది. ఆ రోజు కోడలికి సిటీ బస్సు డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష. రాత్రంతా నిద్రపట్టనిది మాత్రం అత్తగారికి.

"లే అమ్మా, లే! టైమైపోతోంది!" అంటూ ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే గదులన్నీ గాలించింది. ఆదరాబాదరాగా టీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. కోడలు ఒక గుటక వేసి, నవ్వాపుకుని, కిక్కురుమనకుండా తాగేసింది.

అంతలో కమురు వాసన. ఇస్త్రీపెట్టెను కోడలు పరీక్షకి వేసుకోవాల్సిన చొక్కా మీదే వదిలేసి, లైసెన్సు వెతకడానికి పరిగెత్తిందావిడ. తెల్లచొక్కా వీపు మాడిపోయింది.

గడ్డం గీసుకుంటున్న కొడుకు సబ్బునురగతోనే వచ్చి మండిపడ్డాడు. "తగలబెట్టేశావుగా! పరీక్ష నీకా అమ్మా, తనకా? కాసేపు ఓ మూల కూర్చోరాదూ!"

ఆవిడ వంటింటి పీటమీద కూలబడింది. ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది.

ఆ నిశ్శబ్దం కోడలికి కొత్తది కాదు. 

"అత్తయ్యనేమీ అనకండి," అంది. "నేను పెరిగిన అనాథాశ్రమంలో అందరినీ కలిపి లేపడానికి ఒకటే గంట కొట్టేవారు. పదో తరగతి పరీక్షకి వెళ్తుంటే 'తిన్నావా' అన్నవాళ్ళు లేరు. నాకోసం నాకంటే ముందు లేచి కంగారుపడే మనిషి ఇప్పటికి దొరికింది. చొక్కా పోతే పోయింది."

అతను తలదించుకుని లోపలికెళ్ళి తన చొక్కా తెచ్చాడు. "అమ్మా, తనకి వదులవుతుందేమో. రెండు కుట్లు వేసిపెట్టవూ?"

"వద్దురా. మళ్ళీ ఏం పాడుచేస్తానో."

కోడలు ఆవిడ ముందు కూర్చుని చేతులు పట్టుకుంది. "అత్తయ్యా, నిజంగానే టైమైపోతోంది. మీరు తొందరపెట్టకపోతే నేను కదల్లేను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని దిగ్గున లేచింది. ఇక ఉరుకులే పరుగులే! గబగబా కుట్లు వేసి, కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. కదిలిపోతున్న బస్సుకి రెండు చేతులూ ఊపింది.

"ఏంటమ్మా ఆ తొందర?" విసుక్కుంటూ ఆపాడు డ్రైవరు.

"మా అమ్మాయికి పరీక్ష బాబూ! మీ ఉద్యోగానికే!"

బస్సంతా నవ్వింది. కోడలు నవ్వలేకపోయింది. మా అమ్మాయి! బస్సెక్కి కిటికీలోంచి చూస్తే ఆవిడ ఆయాసపడుతూనే, వెళ్ళు వెళ్ళు అని సైగ చేస్తోంది.

సాయంత్రం ఉద్యోగం ఖాయమని చెప్పారు. ఆ మాట ముందుగా ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.