తలుపు మీద పొడుగు చిల్లు

రాయిస్ ప్రూయిట్ తన పికప్ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీలో గాయం. టోపీ గాలికి కొట్టుకుపోయి ముళ్ళకంచెకి తగులుకుంది. బండి ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది.

మార్చి నెల. ఉదయం ఏడుంపావు. వ్యోమింగ్ గాలి ముఖాన్ని కోసేస్తోంది.

డిటెక్టివ్ జోరీన్ హాల్వర్‌సన్ వంగి చూసింది. డ్రైవర్ వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. రాయిస్ దిగి దాని వెనక నిలబడ్డాడు. గుండు తలుపు రేకుని చీల్చుకుని వచ్చి అతనికి తగిలింది.

"బుర్ర బద్దలు కొట్టుకోకమ్మాయ్," అన్నాడు షెరీఫ్ డిల్. "ఓరిన్ ఒప్పేసుకున్నాడు. ఫోన్ చేసింది కూడా వాడే."

ఓరిన్ స్టాడ్లర్ ఈ పశువుల ఫారానికి యజమాని. వెయ్యి గజాల రైఫిల్ పోటీల్లో అతన్ని కొట్టినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చచ్చినవాడు అతని బావ. చెల్లెలు మెర్నా మొగుడి దెబ్బలకి తాళలేక నెల కిందటే అన్న దగ్గరికి వచ్చేసింది. ఆమె ఉన్న చోటికి రాయిస్ రాకూడదని కోర్టు ఆర్డర్ ఉంది. అయినా వచ్చాడు. అంతకు ముందూ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ జోరీనే అరెస్టు చేసి తీసుకుపోయింది. రెండుసార్లూ తెల్లారేసరికి బయటికొచ్చాడు.

ఆమె తలుపు మీది చిల్లు మీద వేలు పెట్టింది. గుండ్రంగా లేదు. అంగుళం పైనే పొడుగుంది, తాళంచెవి దూర్చే కన్నంలా.

"ఏటవాలుగా తగిలుంటుందిలే," అన్నాడు షెరీఫ్.

జోరీన్ ఇంటివైపు చూసింది. తలుపు ఇంటికి సూటిగా ఎదురుగా ఉంది. ఏటవాలు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఓరిన్ వర్క్‌షాప్ మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద. మెడలో గొలుసుకి తాళంచెవి.

"ఎక్కణ్ణుంచి కొట్టావ్?"

"ఇక్కణ్ణుంచే."

"దూరం?"

"మూడొందల గజాలు."

"ఏ రైఫిల్?"

"నా పోటీ రైఫిల్."

"తూటా?"

"నేను చేత్తో మందు నింపిందే."

"ఎక్కడ గురిపెట్టావ్?"

ఓరిన్ మొదటిసారి తడబడ్డాడు. "గుండెకి."

"తలుపు అడ్డముందిగా ఓరిన్. గుండె ఎక్కడ కనపడింది నీకు?"

"నన్ను తీసుకుపో జోరీన్. చంపింది నేనే. ఇంకేం కావాలి నీకు?"

ఆమె లోపలికి వెళ్ళింది. బల్ల మీద అతని శీతాకాలపు పనంతా పరిచి ఉంది. తూచి వేరుచేసిన ఇత్తడి గుల్లలు, తుపాకిమందు డబ్బాలు, దాన్ని అంటించే ప్రైమర్లు, రకరకాల గుండ్లు. ఒక్కో రకం గుండూ, ఒక్కో మందూ జత చేసి కాల్చి చూసి, గాలికి అతి తక్కువ చెదిరే జోడీని ఏరుకుంటాడు. ఈసారి ఏరుకున్నది సూదిమొనతో, సన్నగా, పొడుగ్గా ఉన్న ఆరు మిల్లీమీటర్ల గుండు. ఆ తూటాల పెట్టె మూత తీసి ఉంది. ఒకటి తక్కువ.

గోడకి అతను ఒక పోటీలో కాల్చి దాచుకున్న గురి కాగితం ఉంది. వెయ్యి గజాల మీద అయిదు చిల్లులు. అయిదూ గుండ్రటివే.

పోటీ రైఫిల్ తాళం వేసిన ఇనప బీరువాలో ఉంది. దాని తాళంచెవే ఓరిన్ మెడలో ఉన్నది.

మధ్యాహ్నం డాక్టర్ శవంలోంచి తీసిన గుండు పంపాడు. జోరీన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. గుండు సూటిగా వచ్చి తగిలితే మొన చితకాలి. దీనికి మొన చెక్కుచెదరలేదు. ఒక పక్కంతా చదునైపోయింది.

సాయంత్రం ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు: ఓరిన్, మెర్నా, షెరీఫ్. కాఫీ చల్లారిపోయింది. ఎవరూ ముట్టలేదు.

తలుపు పైన కొక్కేలకి ఒక పాత రైఫిల్ వేలాడుతోంది. జోరీన్ దాన్ని దించి బ్యారెల్ మూతి వాసన చూసింది. అమ్మోనియా ఘాటు, బ్యారెల్ తోమే మందుది.

"మీ నాన్నదా?"

"ఆ. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు ఓరిన్.

"కర్ర పిడి సందుల్లో ఏళ్ళనాటి దుమ్ము. బ్యారెల్ లోపల మాత్రం పొద్దున్నే తోమినట్టుంది. ఎవరూ ముట్టుకోలేదా?"

ఓరిన్ చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు.

"ఇదీ ఆరు మిల్లీమీటర్లదే. నీ తూటా ఇందులో చక్కగా పడుతుంది," అంది జోరీన్. "కానీ దీని బ్యారెల్ లోపల గుండుని గిరగిరా తిప్పే గాడి మెలిక చాలా వదులు. చిన్న గుండ్లకైతే చాలు. నీ పొడుగు గుండుకి ఆ తిప్పుడు చాలదు. బయటికి రాగానే తడబడుతుంది, అడ్డం తిరుగుతుంది, గురి తప్పుతుంది. తలుపు మీద చిల్లు అందుకే పొడుగుంది. నీ పోటీ రైఫిల్ అలాంటి చిల్లు చస్తే పెట్టదు. ఈ రెంటినీ జత కలిపే పొరపాటు నువ్వు నిద్రలో కూడా చెయ్యవు ఓరిన్. కాల్చింది నువ్వు కాదు."

షెరీఫ్ కుర్చీలో ముందుకి వంగాడు. "మరి..."

"నేనే," అంది మెర్నా.

"నోర్ముయ్యవే!" ఓరిన్ లేచి నిలబడ్డాడు. "దానికి మతి లేదు. రాసుకోకండి."

"కూర్చో అన్నయ్యా. నువ్వు పొలంలో ఉన్నావు. వాడు గేటు దగ్గర ఆగి హారన్ కొడుతూనే ఉన్నాడు. నీ రైఫిల్‌కి తాళం. నాన్న రైఫిల్ దించి, బల్ల మీద ఏది పడితే అది పెట్టాను." ఆమె జోరీన్ వైపు తిరిగింది. "టైరుకి గురిపెట్టాను. ముందు టైరుకి. బండి కదలకపోతే మీరొచ్చేదాకా వాడు అక్కడే ఉంటాడనుకున్నా."

"ఈ రైఫిల్‌తో నువ్వు ఎప్పుడైనా కాల్చావా?"

"చిన్నప్పుడంతా ఇదే. నాన్న చిన్న గుండ్లు పెట్టిచ్చేవాడు. మూడొందల గజాల్లో ఉడతని కూడా వదిలేదాన్ని కాదు."

"నిజం," అన్నాడు ఓరిన్. "చెప్పాల్సింది నేను. పెట్టె మీద రాయాల్సింది నేను, ఈ తూటా పాత రైఫిల్‌లో పెట్టొద్దని. ఈ ఇంట్లో నేను తప్ప దాన్ని ముట్టుకునేవాళ్ళెవరు అనుకున్నా. గాలికి కూడా చెదరని గుండు కావాలని చలికాలమంతా కూర్చుని ఏరానే..."



షెరీఫ్ జోరీన్‌ని వరండాలోకి పిలిచాడు.

"గుండు అడ్డం తిరిగిందని ల్యాబ్ చెప్తుంది. సరే. అది ఎంత పక్కకి పోయిందో చెప్తుందా?"

"చెప్పలేదు."

"ఆ పిల్ల టైరు మీదే గురిపెట్టిందని?"

"చెప్పలేదు."

"దెబ్బలు తిన్న పెళ్ళాం. చేతిలో రైఫిల్. మొగుడు చచ్చాడు. అబద్ధం చెప్పే అన్న. జ్యూరీ ఏమనుకుంటుంది?"

 ఒక్క క్షణం జోరీన్‌కి ఆ గుండుని జేబులోంచి తీసి పొదల్లోకి విసిరెయ్యాలనిపించింది. విసిరితే ఓరిన్ జైలుకి పోతాడు. ఉంచితే మెర్నా పోతుంది. రాయిస్ ఒక్కడే ఎక్కడికీ పోనక్కర్లేదు.

మెర్నా కోటు వేసుకుని తనంతట తానే బయటికొచ్చింది. ఓరిన్ ఆమె వెనకే కారు దాకా వచ్చాడు. ఎక్కబోతుంటే ఆమె కోటు బొత్తాలు చిన్నపిల్లకి పెట్టినట్టు ఒక్కొక్కటే పెట్టాడు. పైబొత్తాం రెండుసార్లు వేళ్ళలోంచి జారింది. వెయ్యి గజాల అవతల గుండ్రటి చిల్లు పెట్టే వేళ్ళవి.

కారు హైవే ఎక్కాక వెనక సీట్లోంచి మెర్నా ముందుకి వంగింది.

"జోరీన్, నేను టైరుకే గురిపెట్టానని నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నా."

"కోర్టులో చెప్తావా?"

"చెప్తాను."

"వాళ్ళు నిన్ను నమ్ముతారా?"

"నీకెలా తెలుసని అడుగుతారు మెర్నా."

"అప్పుడు ఏం చెప్తావ్?"

జోరీన్ అద్దంలోంచి ఆమె ముఖం చూసింది. చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఊరొచ్చేదాకా వెతుకుతూనే ఉంది.