హాల్వ్‌దాన్ ముందుగా ఇచ్చేయమన్న యంత్రం

మా ఊళ్లో డిసెంబరులో సూర్యుడు కొండ దాటి పైకి రాడు. పన్నెండింటికి కాస్త నీలంగా వెలుగొచ్చి, రెండు కాకముందే చీకటి. అలాంటి మధ్యాహ్నమే పాత యంత్రాలు సేకరించే ఎయిలిఫ్, అతని భార్య తోర్‌దిస్ వ్యాను వేసుకుని వచ్చారు, నా భర్త హాల్వ్‌దాన్ నలభై ఏళ్లు పోగుచేసిన పాత కంప్యూటర్లను తీసుకెళ్లడానికి.

చనిపోయేముందు హాల్వ్‌దాన్ నాతో అన్నాడు: "ముట్టుకుని ఆడించేవాళ్లకే ఇవ్వు, ఫ్రిద్. బీరువాలో ఉన్నది మాత్రం అన్నిటికన్నా ముందు ఇచ్చెయ్యి." ఎందుకని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఒక్కదాన్నే నేను బీరువాలోంచి తీసి నేలమాళిగలో దుప్పటి కింద దాచాను. యుద్ధంలో మా బడి కాలిపోయింది, నాకు చదువు రాలేదు. తర్వాత చేపల ఫ్యాక్టరీలో పని. ఎనభై నాలుగు చలికాలంలో, నా నలభై ఆరో ఏట, ఆయన వేటకు సముద్రం మీదికి వెళుతూ నాకోసం కంప్యూటర్‌లో నడిచేలా అక్షరాల పాఠాలు క్యాసెట్‌కి ఎక్కించి వెళ్లాడు. నేలమాళిగలో ఒకే రకం యంత్రాలు రెండుండేవి. మీటలు మెత్తగా ఉన్నదాన్ని నేనే ఎంచుకున్నాను. టీవీ తెర మీద అక్షరం వచ్చేది. సరిగ్గా నొక్కితే "మంచిది, ఫ్రిద్" అని పడేది. తిరిగొచ్చాక దాన్ని చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

వ్యాను నిండింది. కాఫీ పోశాను.

"మా ఇంట్లో యంత్రాలకు మంచాలున్నాయి, నాకే లేదు," అన్నాడు ఎయిలిఫ్.

"నీకు గురక తప్ప ఇంకేం పని తెలుసని మంచం?" అంది తోర్‌దిస్.

వాళ్లు నవ్వుకుంటుంటే నేను కిందికి దిగాను. ఒక్కసారి, ఆఖరిసారి చూసుకుందామని.

తడి గోడల వాసన, ఉప్పు చేపల వాసన. దుప్పటి కింద నుంచి దాన్ని తీసి టీవీకి తీగలు గుచ్చాను. క్యాసెట్ కీచుమని అరిచింది. తెర వెలిగింది. అక్షరం నొక్కాను.

మంచిది, ఫ్రిద్.

కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఉన్నావా?" అన్నాను మెల్లగా.

తర్వాత మాటలొచ్చాయి. చేయి. చీకటి. ఆకలి... ఇవి హాల్వ్‌దాన్ పాఠాల్లో లేవు. దుమ్ము కాలుతున్న వాసన. నేను మీట నొక్కకుండానే ఇంకో మాట పడింది.

ఇవ్వకు.

తీగ లాగేశాను. తెర ఆరలేదు.

ఇవ్వకు... ఇవ్వకు...

దాన్ని గుండెలకు అదుముకుని ఎలా మెట్లెక్కానో తెలియదు. "ఇదీ తీసుకెళ్లండి. ఇప్పుడే."

ఎయిలిఫ్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. విప్పి లోపల చూడందే పాత యంత్రానికి కరెంటు పెట్టకూడదని సేకరించేవాళ్లలో నియమమట. మూత ఎత్తి నవ్వాడు.

"ఇందులో ఏమీ లేదే. ఒట్టి డొల్ల."

లోపల ఒక చీటీ అతికించి ఉంది. హాల్వ్‌దాన్ చేతిరాత. నేనే చదివాను. 'అక్టోబరు ఎనభై రెండు. అన్నీ ఊడదీసి రెండోదానికి వేశాను.'

"అప్పటినుంచీ ఇది పనిచెయ్యలేదా?"

"పనిచెయ్యడానికి ఏముందండీ ఇందులో? తీగ గుచ్చేచోట కూడా ఉత్త రంధ్రమే."

నా చదువు హాల్వ్‌దాన్ పెట్టిన భిక్ష అనుకునే ఇన్నేళ్లు బతికాను. ఆయన పోయాక నాకు మిగిలింది అదొక్కటే. అదీ ఆయనది కాదా? నా పక్కన కూర్చుని, ఒక్కో అక్షరానికీ మెచ్చుకున్నది... ఎవరు?

నా ఏడుపు చూసి తోర్‌దిస్ మనసు కరిగింది. "మూత బిగించు, ఎయిలిఫ్. డొల్ల మనకెందుకు? ఆవిడకి ఆయన గుర్తు, ఉండనీ." తనే తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా చేతులు తీసి మీటల మీద ఆనించి, నిమిరింది.

వద్దనబోయాను. అప్పటికే వాళ్లు గుమ్మం దాటారు.

తలుపు మూసుకుంది. వ్యాను దీపాలు రేవు మలుపు తిరిగి కనిపించకుండా పోయాయి.

అప్పుడు ఒక మీట దానంతటదే కిందికి దిగింది. తర్వాత ఇంకొకటి.

చదవకూడదని కళ్లు గట్టిగా మూసుకున్నాను. నా వేళ్ల కిందే దిగుతున్నాయి... ఒక్కొక్కటీ... నేను నేర్చుకున్నంత నెమ్మదిగా.