బండి ఊఁ అనేదాకా

నాకు ఆగడం చేతకాదు. లిఫ్టు కోసం నిలబడలేక మెట్లెక్కేసే రకం. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర ఉండలేను కాబట్టి మా ఇంట్లో నన్ను పొయ్యి దరిదాపులకు రానివ్వరు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని నాది. నాకున్న ఓపికంతా అక్కడే ఖర్చయిపోతోందని, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదని మా ఆవిడతో అంటుంటాను. "మిగలడానికి ముందసలు ఉండాలి కదండీ" అంటుంది.

అలాంటి మనిషి చేతికి ఆ బండి వచ్చింది. పాతకాలం బళ్ళలాగా దీనికి పెట్రోలు దానంతటది కిందికి దిగదు. ట్యాంకు లోపల చిన్న పంపు ఉంటుంది. తాళం తిప్పగానే ఆ పంపు "ఊఁ..." అని సన్నగా మూలిగి, ఇంజనుకు పెట్రోలు అందించి ఆగుతుంది. ఆ తరవాతే బటన్ నొక్కాలి. నేనెప్పుడూ ఆగేవాణ్ణి కాదు. తాళం, బటన్ ఒకేసారి. మా అమ్మాయి వెనక కూర్చుని నా చొక్కా పట్టి లాగేది.

"ఆగు నాన్నా. బండి ఊఁ అననీ."

రాత్రిపూట నేను కథ చెబితే అది ఊఁ కొడుతుంది. బండికి కూడా ఎవరో ఏదో చెబుతున్నారని, బండి ఊఁ కొడుతోందని దాని లెక్క. ఎవరు చెబుతున్నారే అని అడిగితే మాత్రం నవ్వేసి ఊరుకునేది.

చలికాలం మొదట్లో బండి మొరాయించడం మొదలెట్టింది. చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. వేడెక్కాక, అదీ నాకు తొందరగా ఉన్న రోజే చూసుకుని, దారిలో టక్కున ఆగేది. తాళం తిప్పితే ఊఁ లేదు. బటన్ నొక్కితే ఇంజను తిరుగుతుంది గాని అంటుకోదు. నేను అటూ ఇటూ తిరిగి, టైరును ఒక తన్ను తన్ని, నలుగురినీ తిట్టుకున్నాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

మా ఆవిడ తమ్ముడు మెకానిక్కు. వాడి షెడ్డుకు తోసుకెళ్ళాను. సీటు ఊడదీసి, కింద నుంచి అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి లాగి నా కళ్ళ ముందు ఆడించాడు.

"పంపుకేం కాలేదు బావా. పంపుకి కరెంటిచ్చే రిలే ఇది. లోపల మాడింది. వేడెక్కితే చచ్చిపోతోంది, చల్లారితే లేచి కూర్చుంటోంది."

"అయితే కొత్తది వెయ్యి."

"తెప్పించాలి. వచ్చేవారం."

"అందాకా నేనేం చెయ్యాలిరా, ఎగిరి వెళ్ళాలా?"

వాడు నవ్వి షెడ్డు వెనక్కి నడిచాడు. నేనూ వెళ్ళాను, నిలబడి ఉండలేక. అక్కడ టార్పాలిన్ కింద నా బండి లాంటిదే మరొకటి ఉంది. ముందు చక్రం వంకర తిరిగిపోయింది, లైటు పగిలింది. వెనక సగం మీద మాత్రం గీత కూడా లేదు. సీటు పక్క కొక్కేనికి చిన్నపిల్లల హెల్మెట్ వేలాడుతోంది. పసుపురంగుది. దాని మీద తాబేలు బొమ్మ అంటించి ఉంది.

"ఎవరిదిరా ఇది?"

"కొండరోడ్డు మలుపులో ఆగిపోతే దిగి చూసుకుంటున్నాడట పాపం. మంచులో ఏదో వ్యాను గుద్దేసింది, మనిషి అక్కడికక్కడే పోయాడు. బండి కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు." మాట్లాడుతూనే దాని రిలే పీకి, తెచ్చి నా బండిలో గుచ్చాడు. "కొత్తది రాగానే దీన్ని మళ్ళీ దాని చోట పెట్టేస్తాలే."

షెడ్డుల్లో ఇది మామూలే. ఒకరి బండి ముక్క ఇంకొకరి బండిలో తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. వాడు తాళం తిప్పాడు. ఊఁ... అంది. ఇంతకుముందుకంటే కాస్త పొడుగ్గా అన్నట్టు అనిపించింది.

"ఒక్కటే చెబుతున్నా బావా. దారిలో ఆగితే సీటు విప్పి దాన్ని పీకకు. చల్లారేదాకా ఒక పక్కన కూర్చో. నీకు చేతకాని పనే, అయినా కూర్చో."

మా అమ్మాయికి ఆయాసం ఉంది. ఈత మంచిదని డాక్టరు చెబితే కొండ అవతల ఈతకొలనులో చేర్పించాం. సాయంత్రం చీకటి పడే వేళకు క్లాసు అయిపోతుంది. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి వెళ్ళిపోతాడు. గేటు బయట సిమెంటు బల్ల ఉంది, దాని మీద కూర్చుని నా కోసం చూస్తుంది. తడి జుట్టు, చలిగాలి. పొగమంచు దానికసలే పడదు, ఊపిరి పిల్లనగ్రోవి ఊదినట్టు వస్తుంది. అందుకే నేను ఆలస్యం కాకూడదు. నాన్న తప్ప ఎవరొచ్చి పిలిచినా వెళ్ళకూడదని మేమిద్దరం దానికి నూరిపోశాం.

ఆ రోజు దుకాణం నుంచి పెందరాళే బయల్దేరాను. దాని ఎర్ర హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాను. కొండ ఎక్కేటప్పటికి ఇంకా వెలుతురు ఉంది. సగం దూరం వెళ్ళాక మంచు దిగడం మొదలైంది. ముందు లోయలో కనిపించింది. తరవాత చెట్ల మొదళ్ళలో. చూస్తుండగానే రోడ్డు మీదికి వచ్చేసింది. తడిసిన ఆకుల వాసన, దాని వెనకే ఎక్కడో కాలిన రబ్బరు వాసన. లైటు వేస్తే వెలుగు ముందుకు పోకుండా చక్రం దగ్గరే ముద్దలా ఆగిపోయింది.

మలుపు దగ్గర ఇంజను దగ్గింది. బండి ఆగిపోయింది.

తాళం తిప్పాను. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. లోయలోంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ముందుకు నడిచి చూశాను, వెనక్కి నడిచి చూశాను, లేదు. ఒక్క బండి అటు రాలేదు, ఇటు పోలేదు.

చల్లారేదాకా కూర్చోమన్నాడు కదా అని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. కూర్చున్నానో లేదో లేచాను. ఇప్పుడు అది కొలను లోంచి పైకి వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు చెప్పులేసుకుంటూ ఉంటుంది. ఇప్పుడు గేటు మూసేసి ఉంటారు. బల్ల మీద ఒక్కతే, ముడుచుకుని... ఆగలేకపోయాను. సీటు విప్పి, ఆ నల్ల డబ్బాను పట్టి పీకేశాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. ఊదితే త్వరగా చల్లారుతుందని దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊదుతూ నిలబడ్డాను.

అప్పుడు వినపడింది.

ఊఁ...

సంబరంగా బండి వైపు తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది, రిలే నా చేతిలో ఉంది. తాళం నా జేబులో ఉంది.

ఊఁ...

ముందు నుంచి వస్తోంది. మలుపులోంచి. ఎవరో తాళం తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పుతున్నట్టు. నాలాగే ఎవరో చిక్కుబడ్డారు పాపం అనుకుంటే కాస్త ధైర్యం వచ్చింది.

"ఎవరండీ? మీ బండి కూడా ఆగిపోయిందా?"

"చాలాసేపైంది" అంది ఒక గొంతు. చాలా మెల్లగా. హెల్మెట్ లోపలి నుంచి మాట్లాడినట్టు.

"మీ పంపు పనిచేస్తున్నట్టుందే. స్టార్ట్ చేసి చూడండి."

మంచు కొద్దిగా పలచబడింది. రోడ్డు మధ్యలో ఒక మనిషి. తలకు హెల్మెట్, దాని అద్దం కిందికి దించి ఉంది. అతని ముందు బండి ఏదీ లేదు. పక్కన లేదు. వెనక లేదు.

ఊఁ... అన్నాడు.

చప్పుడు వస్తోంది ఆ హెల్మెట్ లోంచి.

పారిపోదామనుకున్నాను... ఎటు? కొండ అవతల మా అమ్మాయి. అటే అతను.

"పాప చలిలో ఉంది కదండీ" అన్నాడు అతను.

నేను పాప సంగతి చెప్పలేదు. ఒట్టు, ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కాని ఆ మాట వినగానే భయం కంటే ముందు ఏడుపొచ్చింది. "దానికి ఆయాసమండీ... నేనే వెళ్ళాలని లేదు... ఎవరో ఒకరు వెళ్ళి ఇంటికి చేరిస్తే చాలు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ క్షణాన అదే నిజం.

"ఊఁ..."

చెయ్యి చాపాడు. "అది నాది. ఇవ్వండి. నేను తీసుకొస్తాను."

ఇచ్చేశాను. అతని గ్లవ్ చల్లగా, తడిగా తగిలింది. నా అరచేతిలోని వేడంతా ఒక్కసారి పోయింది. అతను మంచులోకి తిరిగాడు... తాళం తిరిగిన చప్పుడు. ఊఁ... అంది. ఆగాడు. ఆ ఊఁ పూర్తిగా ఆగేదాకా ఆగాడు. అప్పుడు ఇంజను అంటుకుంది. లైటు లేకుండా ఒక బండి కొండ అవతలికి దిగిపోయిన చప్పుడు విన్నాను.

ఎంతసేపు అలా నిలబడ్డానో. కూరగాయల వ్యాను ఒకటి వచ్చింది. నా వాలకం చూసి డ్రైవరు ఏమీ అడక్కుండా ఎక్కించుకున్నాడు. కొండ దిగుతుంటే ఎదురుగా లైటు లేని బండి ఒకటి మంచులోంచి దూసుకొచ్చి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. "చావడానికే వస్తారు వెధవలు" అని డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. నాకు కనపడింది ఒక్కటే. వెనక సీటులో, పసుపుపచ్చగా ఏదో.

ఈతకొలను గేటుకు తాళం వేసి ఉంది. బల్ల ఖాళీ. దాని మీద ఇంకా తడి ఉంది. వాచ్‌మన్ సైకిలెక్కబోతూ నన్ను చూసి ఆగాడు.

"ఏమన్నా మర్చిపోయారా సార్? పాపను ఇందాకే తీసుకెళ్ళారు కదా?"

ఫోనులో మా ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "కింద దింపేసి పైకి రాకుండా అలా వెళ్ళిపోయారేమిటి? కిటికీలోంచి పిలుస్తున్నా తల తిప్పలేదు. పిల్ల వచ్చింది, బాగానే ఉంది. ఇంతకీ ఎక్కడున్నారు?"

ప్రాణం లేచొచ్చింది. కొండ దాటి అప్పుడే ఇల్లెలా చేరారనుకునేసరికి, మరుక్షణంలోనే అది ఎటో పోయింది.

డ్రైవరును బతిమాలి అదే వ్యానులో ఇంటికొచ్చాను. మెట్లన్నీ పరిగెత్తి ఎక్కాను. అది బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. దగ్గరికి లాక్కుని గుండెకు హత్తుకున్నాను. జుట్టు పొడిగా ఉంది. ఎప్పుడూ వచ్చే కొలను నీళ్ళ మందు వాసన లేదు, పెట్రోలు వాసన వస్తోంది. ఛాతీకి చెవి ఆనించాను. పిల్లికూతలు లేవు. ఇంత చలిలో తిరిగొచ్చిన ఏ రోజూ దాని ఊపిరి అంత నెమ్మదిగా లేదు.

అది నన్ను కాసేపు చూసింది. "మళ్ళీ వచ్చావేంటి?" అంది.

నా చేతిలో దాని ఎర్ర హెల్మెట్ ఉంది. చెప్పుల స్టాండు మీద ఇంకోటి ఉంది. పసుపుది. తాబేలు బొమ్మది.

వంటగదిలోకి వెళ్ళి మా బావమరిదికి ఫోను చేశాను. గొంతు తగ్గించి జరిగింది చెప్పాను.

"రిలే ఎక్కడుంది బావా?"

"ఇచ్చేశాను."

నేనే మళ్ళీ అడిగాను.

"ఆ బండాయన ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నాడురా?"

"ఈతకొలనుకే. కొడుకును తీసుకురావడానికి."

"పిల్లాడు ఏమయ్యాడు?"

"చూసి చూసి, తనే నడిచి బయల్దేరాడట. ఆ తరవాత సంగతి నాకెవరూ చెప్పలేదు. బావా, నువ్వు ముందు తలుపులెయ్యి."

గడియ పెట్టాను, తాళం కూడా వేశాను. మా ఆవిడ ఏమైందండీ, ఏమైందండీ అని నా వెనకే తిరుగుతోంది. చెప్పడానికి నోరు తెరిచాను.

కింద వీధిలోంచి... ఊఁ...

మా ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి తెర తొలగించింది. కిందికి చూసింది. తిరిగి నన్ను చూసింది. మళ్ళీ కిందికి చూసింది. తెర వదిలేసి వెనక్కి జరిగింది.

మా అమ్మాయి బొమ్మల పుస్తకం మూసింది. లేచి బూట్లు తొడుక్కుంది. పసుపు హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ తనే బిగించుకుంది. నేను తలుపుకు అడ్డంగా మోకాళ్ళ మీద కూలబడి దాని రెండు చేతులూ పట్టుకున్నాను.

"తల్లీ, ఎక్కడికి? నేను ఇక్కడున్నాను కదా. నన్ను చూడు. నేను నాన్నను."

చూసింది. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎలా ఉండాలని మేం నేర్పామో అలాగే, మర్యాదగా, కాస్త భయంగా చూసింది. నా చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసేసుకుంది.

"కొంచెం జరగండి" అంది. "మా నాన్న కింద ఉన్నాడు. ఆయనకి తొందరేం లేదు గాని, చలిలో ఎంతసేపని ఆగుతాడు?"