తలకిందులుగా కట్టిన కాయ

చోడవరంలో ఇల్లు కొనుక్కోవడం పెద్ద కష్టమేం కాదు. బస్టాండులో టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడి ఇల్లు కావాలని అంటే చాలు, మధ్యవర్తి తనే వచ్చి పలకరిస్తాడు. మాకు కష్టమైందంటే, మేం ఆ పని ముసలితనంలో పెట్టుకోవడం వల్ల. షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా రిటైరయ్యాను. క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. తొంభై ఆరులో, వానలు బాగా పడ్డ ఏడు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకు ఫలానా చోటని లేదు, ఒళ్ళంతా నొప్పులే.

మా ఆవిడ పేరు మ్యా. బర్మా మనిషి. వాళ్ళ భాషలో ఆ మాటకి పచ్చరాయి అని అర్థమట. ఇక్కడి పిల్లలకి అదేం తెలుస్తుంది? ఆమె వీధిలోకి వస్తే ఎవడో ఒక గుంటడు గోడ వెనక నుంచి పిల్లిలా మ్యావ్‌మని అరిచేవాడు. ఆమె ఆగి, వాడికంటే బాగా అరిచి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేది.

ఆమె తండ్రి మనవాడే. రావికమతం దగ్గర పల్లె, పేరు పరదేశి. కుర్రతనంలో ఓడెక్కి బర్మా పోయి, బియ్యం మిల్లులో కుదిరి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. అరవైల్లో మనవాళ్ళని అక్కడి నుంచి పంపించేసినప్పుడు ఒక ట్రంకు పెట్టెతో, ఒక కూతురితో విశాఖ రేవులో దిగాడు. భార్య అప్పటికే పోయింది. నేను బీఏ పాసై, ఆ వచ్చిన వాళ్ళని పెట్టిన క్యాంపులో పేర్లు రాసే టెంపరరీ ఉద్యోగంలో ఉన్నాను. రాసిన పేర్లలో ఒక పేరు నాతో ఇంటికొచ్చింది. మా వాళ్ళు ఎవరూ పెళ్ళికి రాలేదు, అది వేరే కథ. పిల్లలు పుట్టలేదు, అదీ వేరే కథే.

క్యాంపులో ఆడవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుంది. అందుకే మన పల్లె యాసలోనే మాట్లాడుతుంది. కానీ నిద్రలో కలవరించేటప్పుడు మాత్రం ఎప్పుడూ బర్మా భాషే. ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్నా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాటలు ఎవరితోనో కూడా నేను అడగలేదు.

క్వార్టర్సు దొరక్క ముందు అద్దె ఇళ్ళలో ఆమె పడ్డ మాటలకి లెక్కలేదు. రొయ్యపొట్టు నూరితే వాసనన్నారు. మడికి పనికిరాదన్నారు. ఒకావిడ అయితే, "మీ ఆవిడది ఏ కులం బాబూ?" అని అడిగి, నేను చెప్పేలోగానే ఇల్లు ఖాళీ లేదంది. అన్నేళ్ళలో మ్యా ఏ గోడకీ ఒక్క మేకు కొట్టలేదు. కేలెండరు కూడా కిటికీ చువ్వకే కట్టేది. "మనది కాని గోడకి దెబ్బెందుకండీ," అనేది.

అందుకని పీఎఫ్ డబ్బు చేతికి రాగానే ఇల్లు చూడ్డం మొదలెట్టాం. వడ్డాది రోడ్డులో చూశాం, మార్కెట్ వెనక చూశాం. ఏ ఇంటికెళ్ళినా ఆమె తిన్నగా ఆగ్నేయం మూలకి పోయి, అక్కడి స్తంభాన్ని పైకంటా చూసి, బయటికొచ్చి "ఇది కాదు" అనేది. ఎందుకో చెప్పేది కాదు. నా కాళ్ళు అరిగిపోతున్నాయి.

చివరికి బంగార్రాజు ఇల్లు. బెల్లం వ్యాపారి, అనకాపల్లిలో మేడ కట్టుకుని వెళ్ళిపోయాడు. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక నుయ్యి. మ్యా లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. నేనే వెళ్ళాను. వంటింట్లో టేకు స్తంభం పక్కన, కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది. స్తంభానికి పైన, ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ వేలాడుతోంది.

"సూడండి... మా అమ్మ ఇంట్లో అచ్చం ఇలాగే ఉండీది."

అప్పుడు చెప్పింది. వాళ్ళ దేశంలో ప్రతి ఇంటికీ ఒక కాపలా దేవుడు ఉంటాడట. అతను ఒకప్పుడు మనిషే. మంటల్లో పెట్టి చంపేశారు. ఆ కాలిన ఒంటికి చలవ చేస్తుందని ఇంటి ఆగ్నేయపు స్తంభానికి నీళ్ళున్న కొబ్బరికాయ కడతారు. దాని దగ్గర దీపం మాత్రం పెట్టరు. కాలినవాడికి నిప్పు చూపించకూడదు కదా.

మన వైపు దిష్టికి గుమ్మడికాయ కడతారు, గుమ్మానికి కొబ్బరికాయ కడతారు. వంటింట్లో ఎవరు కడతారు? ఆ మాటే బంగార్రాజుని అడిగాను. అతను అరుగు మీదే నిలబడ్డాడు. మేం చూస్తున్నంతసేపూ లోపలికి అడుగు పెట్టలేదు.

"మా అమ్మ కట్టించింది బాబూ. పాతకాలం మనిషి కదా," అని చెప్పులు వేసుకున్నాడు.

మ్యా మొహం చూశాక ఇంకేం అడుగుతాను? కొనేశాం. ఆషాఢం దాటాక మంచిరోజు చూసి పాలు పొంగించాం.

ఆ సాయంత్రమే ఆమె పాత కాయ దింపింది. ఎండిపోయి బెండులా ఉంది. చేతిలో తిప్పి చూసి నొచ్చుకుంది.

"అయ్యో, తెలీక తలకిందులుగా కట్టీసేరండీ. ముచ్చిక కిందకెట్టి, మీదనుంచి గుడ్డ బిగించీసేరు. పాపం, ఊపిరాడద్దా?"

కొత్త కాయ తెచ్చి, ముచ్చిక పైకి పెట్టి, కొత్త ఎర్రగుడ్డ తలపాగాలా చుట్టి, స్తంభానికి మేకు కొట్టి కట్టింది. ఆ ఇంట్లో ఆమె కొట్టిన మొదటి మేకు అదే. తరవాత చేతులు జోడించి వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది.

"ఏమన్నావు?" అన్నాను.

"ఈ ఇంటికి పెద్ద నువ్వే అన్నాను. మాకెవరూ నేరు, నువ్వు మాతోనే ఉండు, ఎక్కడికీ ఎల్లిపోకు అన్నాను."

ఆ రాత్రి ఆమె నిశ్చింతగా పడుకుంది. నేను కూడా. అలిసిపోయిన వాళ్ళకి నిద్ర తొందరగా పడుతుంది.

తరవాత కొన్నాళ్ళకి వాసన మొదలైంది. దీపాలు పెట్టే వేళకి వంటింట్లోంచి బెల్లం పాకం ఉడుకుతున్న వాసన. చోడవరంలో ఆ వాసన వింతేం కాదు, చలికాలంలో ఊరంతా అదే. కానీ అది శ్రావణం. చేలల్లో చెరకు ఇంకా నరకడానికి రాలేదు. ఎక్కడా గానుగ ఆడటం లేదు. పోనీలే, ఎవరింట్లోనో పిండివంట అనుకున్నాను. తరవాత చీమలు. పొద్దున లేచేసరికి వంటింటి గచ్చు మీద అక్కడక్కడా గుంపులు. వరసగా కాదు... అడుగు తీసి అడుగు వేసినంత దూరంలో, ఒక గుంపు, ఇంకో గుంపు.

కాయలు ఎండిపోతున్నాయి. నీళ్ళు గలగలలాడే కాయ కడితే, వారం తిరక్కుండానే ఊపి చూస్తే చప్పుడుండదు. పెంకుకి చిల్లు లేదు, బీట లేదు.

"తాగతన్నాడు," అంది మ్యా సంతోషంగా. తరవాత కొంచెం ఆలోచించి, "మా ఊళ్ళో అయితే వానలెల్లే దాకా ఆగీది. ఈయనకి దాహం ఎక్కువలాగుంది," అంది.

ఒకరోజు మ్యా కాయల కోసం వడ్డాది సంతకి వెళ్ళింది. చోడవరంలో దొరకవా అంటే, అక్కడి కాయల్లో నీళ్ళెక్కువట. పొద్దుటి నుంచి ముసురు. సాయంత్రం పక్కింటి సన్యాసమ్మ కరివేపాకు కోసం పెరట్లోకి వచ్చింది. పెద్దావిడ, నాకంటే పెద్దది. వంటింటి తలుపు తీసి ఉంటే లోపలికి చూసి, రెమ్మ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేసింది.

"ఏటి బాబూ ఇది... ఆ కాయిని ఎవులు తిప్పేరు?"

"మా ఆవిడ. ఏం?"

"బంగార్రాజు మీకేటీ సెప్పనేదా?"

గొంతు తగ్గించి ఆవిడే చెప్పింది. బంగార్రాజు తండ్రి బెల్లం వండించేవాడు. ఆ ఇల్లు కట్టింది ఆయనే. ఒక సాయంత్రం గానుగ దగ్గర కాలు జారి, పాకం ఉడుకుతున్న పెద్ద బెల్లం పెనంలో పడ్డాడు. మంచం మీద ఇంటికి మోసుకొచ్చి, చల్లగా ఉంటుందని వంటింటి గచ్చు మీద అరిటాకుల్లో పడుకోబెట్టారు.

"ఒకటే అరుపు బాబూ. నీల్లు, నీల్లు అని. కాలినోడికి నీల్లిస్తే పేణం పోద్దని ఎవులో సెప్పేరు. ఆడి పెళ్ళాం నిండు బిందె పక్కనెట్టుకునీ సుక్క పొయ్యనేదు. దీపాలేల పోయేడు. ఇచ్చినా పోయీవోడే..."

"తరవాత?"

"తరవాతేటి? రోజూ దీపాలేలకి అడిగీవోడు. నానూ ఇన్నాను, గోడ కదా. మాడుగుల కాడ్నించి ఒకాయన్ని తెచ్చి ఆ కాయి కట్టించేరు. మూతి కిందకుంటే నోరు తెరవలేడంట. ఇంటోళ్ళు నోరారా పిలిస్తే తప్ప రాలేడంట." ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీరు పిలవనేదు కదా?"

నా కళ్ళు కాయ మీదికి పోయాయి.

"సీకటడక ముందే తిప్పీండి బాబూ," అని కరివేపాకు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

చదువుకున్నవాణ్ణి, ఇవన్నీ నమ్మేవాణ్ణి కాదు. అయినా స్టూలు వెతుకుతున్నాను. దొరికేసరికి బయట మసక పడింది. వాన పెరిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

తలుపులోంచి వచ్చే బూడిద రంగు వెలుతురులో స్టూలెక్కాను. కాయని పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది. చుక్క లేదు.

వాసన వచ్చింది. ఈసారి దూరంగా కాదు. ముక్కుపుటాలు మండేంత వేడిగా, మాడిన తీపి... దాని అడుగున ఇంకో వాసన. అది ఏమిటో రాయను.

వెనక చప్పుడు.

చప్...

జిగురులోంచి అరికాలు ఊడదీసుకున్నట్టు.

చప్... చప్...

తిరగలేదు. తిరగలేకపోయాను. వీపుకి పొయ్యి సెగ తగులుతోంది. పొయ్యి పొద్దున్నే ఆరిపోయింది.

"నీల్లు..."

గొంతు కాదది. ఊపిరి. స్టూలు కాళ్ళ దగ్గర, నేల మీద పడుకున్నవాడి మూతి ఎక్కడుంటుందో అక్కడి నుంచి.

"నీల్లు..."

నా వేళ్ళు ముడి విప్పడానికి తడుముకుంటున్నాయి. తిప్పేస్తే చాలు. ముచ్చిక కిందకి తిప్పేస్తే...

"ఏటి సేస్తన్నారు?"

మ్యా. గుమ్మంలో నిలబడింది, తడిసి ముద్దయి, చేతిలో ఖాళీ సంచీ. సంత వానకి చెదిరిపోయిందట, కాయలు దొరకలేదట. ఆ సంగతి తరవాత తెలిసింది.

"మ్యా, లోపలికి రాకు. ఇతను మీ దేవుడు కాదు. ఇక్కడ చచ్చిపోయిన మనిషి. కట్టేసి ఉంచారు. సన్యాసమ్మ చెప్పింది. నువ్వు తెలీక పిలిచావు..."

ఆమె విన్నది. నా కాళ్ళ దగ్గర ఊపిరి లాగుతున్న చప్పుడు.

"ఎలా సచ్చిపోయేడు?"

"కాలి."

"అయితే మా దేవుడే," అంది. తరవాత, "కాయి ఒదిలీండి."

"తిప్పేస్తాను. లేదా రేపే అమ్మేద్దాం. ఇంకో ఇల్లు..."

"ఇంకో ఇల్లా?" ఆమె గొంతు అలసటగా ఉంది, కోపంగా కాదు. "నన్ను ఒకపాలి గెంటీసేరు. మా అమ్మ సమాధికి దండం ఎట్టుకోనియ్యకండా ఓడెక్కించీసేరు. ఇక్కడికొచ్చేక ఎన్ని ఇళ్ళోళ్ళు గెంటేరో మీకు తెల్దా? ఈయన ఇల్లు ఈయన కట్టుకున్నాడు. నాను రమ్మన్నాను. రమ్మన్నోల్ని పొమ్మంతానా? దిగండి."

దిగాను. ఎటూ చూడకుండా గోడకి జరిగాను. ఆమె చీకట్లోనే వంటింట్లోకి నడిచి, బిందె దగ్గర కూర్చుంది. అగ్గిపెట్టె తీయబోతే, "నిప్పొద్దు," అంది. చెంబు ముంచిన చప్పుడు. దోసిట్లో పోసుకున్న చప్పుడు.

తరవాత తాగుతున్న చప్పుడు.

గుటక... గుటక... ఆగకుండా. ఎండాకాలం పొలం నుంచి వచ్చిన ఎద్దు తాగినట్టు. చెంబు మళ్ళీ ముంచింది. మళ్ళీ. బిందె అడుగు గీరుకుంది. ఆమె ఏదో మెల్లగా అంటోంది, వాళ్ళ భాషలో, పిల్లవాణ్ణి లాలించినట్టు.

చివరికి ఆ ఊపిరి చప్పుడు ఆగింది.

కరెంటు వచ్చింది. వంటింట్లో మ్యా ఒక్కతే ఉంది. బిందె ఖాళీ. గచ్చు మీద ఒక్క నీటిచుక్క లేదు. ఆమె రెండు అరచేతులూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. తేనెరంగు పాకం ముంజేతుల దాకా కారి గడ్డకట్టింది. వేణ్ణీళ్ళతో నానబెట్టి నేనే విడదీశాను. ఒక్క బొబ్బ కూడా లేదు.

"ఇంక అడగడులెండి," అంది నవ్వుతూ.

అడగలేదు. వాసన పోయింది. కాయ ఎండటం మానేసింది. ఆ మర్నాడు కట్టిన కాయే ఇప్పటికీ ఉంది, ఊపితే గలగలమంటుంది. సన్యాసమ్మ మా గుమ్మం తొక్కడం మానేసింది గానీ, గోడ అవతలి నుంచి పలకరిస్తుంది. అరుగు మీద సన్నజాజి వేసుకుంది మ్యా. కేలెండరు గోడకే కొట్టింది. ఇల్లు మాదయింది.

ఒకటే, ఆమెకి దాహం ఎక్కువైంది. మంచం పక్కన బిందె పెట్టుకుంటుంది. ఆమె నడిచిన చోట గచ్చు మీద చీమలు చేరుతున్నాయి. షుగరేమోనని అనకాపల్లి తీసుకెళ్ళాను. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, "మీకంటే ఆవిడే బాగున్నారు మాస్టారూ," అన్నాడు. మాడుగుల హల్వా కొనుక్కుని ఇంటికొచ్చాం. దీపాలవేళ లైటు వేయబోతే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. కళ్ళు మండుతున్నాయంటుంది. చీకట్లోనే కూర్చుంటున్నాం. అలవాటయింది. ఇంకో ఇల్లు వెతికే ఓపిక నాకూ లేదు.

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి ఆమె కునుకు తీసింది. నేను పక్కన కుర్చీలో పేపరు చూస్తున్నాను. కలవరించడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, పేజీ తిప్పబోయాను.

చెయ్యి ఆగిపోయింది. ఆమె అంటున్న ప్రతి మాటా నాకు అర్థమవుతోంది.

"ఒరే బంగార్రాజూ... పెనం కాడికి రాకురా... కాలు జారుద్ది..."