హరిణి కాలేయాలు

"ఇదేనా తల్లీ మా పిల్ల కాలేయం?" కనకరత్నం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. గాజుపెట్టెలో తపాలా బిళ్లంత చిప్‌లు బారుగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో ఆకుపచ్చ దీపం.

"అవునండీ. మీ కోడలి రక్తంలోంచి కణాలు తీసి, ఈ చిప్‌ల మీద కాలేయంగా పెంచాం," అంది డాక్టర్ తబస్సుమ్. "తను తిన్నవీ తాగినవీ ఒక్కో చిప్ మీద ఒక్కో చుక్క వేస్తాం. పడనిదేదో దాని దగ్గర దీపం ఎర్రబడుతుంది. అది ఆపేస్తే కాలేయం తేరుకోవచ్చు."

పైన ఐసీయూలో హరిణి కామెర్లు ముదిరి, మనుషుల్ని పోల్చుకోలేకుండా పడి ఉంది. ఇంట్లో చంటిది పాలకి గుక్కపట్టి ఏడుస్తోంది. మందులేమైనా వాడిందా అని డాక్టర్లు అడిగినప్పుడల్లా కనకరత్నం ఒట్టేసి మరీ చెప్పింది, తలనొప్పి బిళ్ల కూడా మింగదని. అబద్ధమేం కాదు! మందంటే బిళ్ల, సిరప్పు, సూది. ఆకుల పొడిని మందని ఎవరంటారు?

కోడలంటే ఆవిడకి ప్రాణం. పురుడయ్యాక ఒళ్లొచ్చిందని, పెళ్లినాటి జాకెట్టు పట్టడం లేదని ఆ పిల్ల కుమిలిపోతుంటే చూడలేక, బీచ్‌లో నడకకొచ్చే ఆడవాళ్ల దగ్గర సన్నబడే పొడి డబ్బా తెచ్చింది. రోజూ మజ్జిగలో కలిపి దగ్గరుండి తాగించింది. కళ్లు పచ్చబడగానే, కామెర్లకి ఆకుమందే మేలనుకుని పొడి రెండింతలు చేసింది. ఆస్పత్రి వార్డుకి కూడా ఫ్లాస్కులో మోసుకొచ్చింది, పిచ్చి తల్లి.

కాఫీకి దీపం మారలేదు. ఊరగాయకీ మారలేదు. ఫ్లాస్కులో మిగిలిన మజ్జిగ చుక్క పడిన కాసేపటికి ఎర్రబడింది.

"ఇందులో ఏం కలిపారండీ?"

"ఆకుల పొడే కదమ్మా! మందు కాదు."

తబస్సుమ్ ఫ్లాస్కు అందుకుని పక్కన పెట్టేసింది. పైకి ఫోన్ చేసింది, కాలేయ మార్పిడికి ఏర్పాట్లు మొదలుపెట్టించింది. కానీ ఆ సాయంత్రమే హరిణి కన్నుమూసింది.

పెద్దకర్మ అయ్యాక కనకరత్నం ఒక్కతే ల్యాబ్‌కి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కొడుకు ఆవిడని ఒక్క మాటా అనలేదు, అదే మరీ నరకంగా ఉంది.

"ఆవేళ ఎర్రబడిందేదమ్మా?"

తబస్సుమ్ తటపటాయించి, ఓ చిప్‌ని చూపించింది. దాని పక్కన దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"పొడి ఆపేశాం కదండీ. తేరుకుంది."

కనకరత్నం పెట్టె దగ్గరే కూలబడి, "నేనూ ఆపుంటే నా తల్లి బతికేది కదమ్మా!" అని గుండెలు బాదుకుంది. తబస్సుమ్ పోషకం నింపిన చుక్కల గొట్టం తెచ్చి ఆవిడ ముందుంచింది.

"దీన్ని బతికించడానికి రోజూ ఒక చుక్క వేస్తామండీ. ఇవాళ మీరు వేస్తారా?"

కనకరత్నం చేతులు రెండూ గబుక్కున కొంగులో దాచేసుకుంది.

"వద్దు తల్లీ. దానికి నా చేత్తో ఏమీ వద్దు."