గుమ్మం బయటి ఉప్పు బస్తా

ఆటోనగర్ వెనక సందులో ఏసుపాదం గారి కిరాణా కొట్టుకి ముప్పై ఏళ్ళుగా ఒక పద్ధతి ఉంది. కళ్ళుప్పు బస్తా గుమ్మం బయటే ఉంటుంది. షట్టర్ దించినా లోపలికి రాదు. ఉప్పెవరు ఎత్తుకెళ్తారండీ అని నవ్వేసేవారు. అసలు కారణం ఆయన నోట చాలా ఏళ్ళు ఎవరూ వినలేదు.

తొంభై ఎనిమిదిలో ఒక పొద్దున, ఉప్పు దొరకదట అన్న పుకారు పాలవాడికంటే ముందే సందులోకి వచ్చింది. ఎవడు పుట్టించాడో గానీ వాడి నోరు పడిపోను! ఏసుపాదం గారు ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి బయట బస్తా లేదు. కోడలు డయానా దాన్ని లోపలికి ఈడ్చి, పైన గోనె కప్పి ఉంచింది.

"ఎదురింటి ఎలిజబెత్ ఆంటీ వచ్చారు మావయ్యా. లేదని చెప్పేశాను," అంది, మెచ్చుకుంటారనుకుని. "మన పిల్లలకి ఉండాలిగా."

ఆయన చెయ్యెత్తారు. పదేళ్ళలో కోడల్ని ఏమే అని కూడా అనని మనిషి! దెబ్బ పడలేదు గానీ డయానా గోడకి అంటుకుపోయింది. కొడుకు బెన్నీ నోట్లో బ్రష్‌తోనే పరుగెత్తుకొచ్చి, ఉప్పు కోసం ఆడపిల్ల మీద చెయ్యెత్తుతారా అని నిలదీశాడు. ఆ చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుని, ఆయన బియ్యం బస్తా మీద కూలబడ్డారు.

అక్కడే కూర్చుని చెప్పారు. అరవై నాలుగులో ఓడెక్కి వచ్చేయకముందు వాళ్ళది బర్మా. రంగూన్‌కి ఎగువన చిన్న ఊళ్ళో వాళ్ళ నాన్నదీ ఇలాంటి కొట్టే. యుద్ధంలో పడవలు ఆగిపోయాయి. ముందు కిరసనాయిలు పోయింది, తర్వాత బట్ట, ఆఖరికి ఉప్పు. జనం గోనెలు చుట్టుకున్నారు, చప్పిడి గంజి తాగారు. మిగిలిన ఒక్క బస్తానీ నాన్న మంచం కింద దాచారు. పక్కింటి బర్మా ఆవిడ, పేరు ‘మా ఖిన్’, గుప్పెడు ఉప్పు అడగడానికి వచ్చింది. తల్లి లేని ఏసుపాదాన్ని ఎత్తుకు పెంచింది ఆవిడే.

"నాకప్పుడు పన్నెండేళ్ళు. లేదని చెప్పింది నేనే," అన్నారు.

"తాతయ్య చెప్పమన్నారు, చెప్పారు. దానికేముంది నాన్నా?" అన్నాడు బెన్నీ.

"మూడో రోజు మళ్ళీ వచ్చిందిరా. చెవులకి కమ్మల్లేవు. ఆకులో చారెడు ఉప్పు. మీకూ లేదన్నావుగా బాబూ, సగం నువ్వు తిను అంది." ఆయన తల దించుకున్నారు. "తీసుకున్నాన్రా. అప్పుడు కూడా నిజం చెప్పలేదు."

డయానా కళ్ళు తుడుచుకుని, పేపరులో ఉప్పు పొట్లం కట్టి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటింది. బెన్నీ బస్తాని గుమ్మం బయటికి ఈడ్చాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"పొద్దున అబద్ధం చెప్పాను ఆంటీ. మా కొట్లో ఉప్పుంది," అంది డయానా.

ఆ రెండు ముక్కలూ యాభై అయిదేళ్ళుగా చెప్పలేకపోయిన ఏసుపాదం గారు, కొట్టు గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.