పాప్‌కార్న్‌తో పన్ను విరగ్గొట్టుకునే విధానం

ఆమెను అతను మొదటిసారి తలకిందులుగా చూశాడు.

పళ్ల డాక్టర్ కుర్చీ వెనక్కి వాలి ఉంది. ఆమె అతని తల వెనక కూర్చుని వంగి చూస్తోంది. గడ్డం ఉండాల్సిన చోట నుదురు, నుదురు ఉండాల్సిన చోట నీలం మాస్కు, మధ్యలో రెండు కళ్లు. తలకిందులుగా చూస్తే కళ్లు నవ్వుతున్నాయో కోప్పడుతున్నాయో పోల్చుకోవడం కష్టమని అతనికి అప్పుడే తెలిసింది. పోల్చుకునే ప్రయత్నంలో పంటినొప్పి సంగతి మరిచిపోయాడు.

ఆమె మాత్రం చూడాల్సింది చూసింది. ఎడమవైపు పైదవడ పన్ను లోపలంతా పాడైందనీ, రూట్ కెనాల్ చెయ్యాలనీ చెప్పి, ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారని అడిగింది. నోట్లో ఆమె వేళ్లూ, చిన్న అద్దమూ, ఉమ్ము లాగే గొట్టమూ ఉన్నాయి. అతను కనుబొమ్మలతో జవాబిచ్చాడు.

అతని ఉద్యోగం మిక్సీలు, కుక్కర్లు, ఇస్త్రీపెట్టెలతో పాటు అట్టపెట్టెలో వచ్చే చిన్న పుస్తకాలు రాయడం. వాడే ముందు ఈ సూచనలు పూర్తిగా చదవండి అని మొదలయ్యే పుస్తకాలు. వాటిని లోకంలో ఎవరూ చదవరు. మూత బిగించకుండా మిక్సీ తిప్పి, గోడంతా టమాటా చేసుకుని, కంపెనీకి ఫోన్ చేసి తిడతారు. చెప్పింది వినని మనుషులంటే అతనికి లోలోపల కాస్త చులకన.

వైద్యం కొన్ని వారాలు సాగింది. ఆమె పని చేస్తూ మాట్లాడేది, అతను నోరు తెరుచుకుని వినేవాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి తన జీవితంలో తగల్లేదని ఒకసారి అంది. వేరే దారి లేదు కదా అని అతను కనుబొమ్మలతో అన్నాడు. ఆమె నవ్వింది. మాస్కు ముడతలు పడితే నవ్వినట్టు లెక్క.

ఏం తినకూడదో కూడా అప్పుడే చెప్పింది. గట్టివి వద్దు, జిగురువి వద్దు. అన్నిటికన్నా ప్రమాదం కారమెల్ పాప్‌కార్న్. అందులో పల్లీలు కూడా పడ్డాయంటే మాకు గిరాకీయే. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో చిన్న నిట్టూర్పు వినిపించింది, చాన్నాళ్లుగా చూడని చుట్టాన్ని తలుచుకున్నట్టు.

చివరి రోజు మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. సగం మొహం అతనిది కాకుండా పోయింది. పని ముగించి కుర్చీ పైకి లేపింది. చేతులు కడుక్కుని, ఎదురుగా వచ్చి నిలబడి, మాస్కు కిందికి లాగి ఏదో చెప్పసాగింది.

ఇన్నాళ్లూ ఆ కళ్లకి అతను తన ఊహలోంచి ఒక ముక్కూ నోరూ తెచ్చి అతికించుకున్నాడు. అసలు మొహం ఆ ఊహతో ఎక్కడా కలవలేదు. ముక్కు కాస్త పొడుగు. పైపెదవి పక్కన పుట్టుమచ్చ. ముందు పన్ను ఒకటి పక్కదాని భుజం మీద చెయ్యి వేసినట్టు ఒరిగి ఉంది. పళ్ల డాక్టర్ అయ్యుండి తన పన్నుని అలాగే వదిలేసిన మనిషి. ఆ ఒరిగిన పన్ను దగ్గర అతను పడిపోయాడు. ఆమె పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలి మళ్లీ ఆగాయి. ఏదో అడిగినట్టుంది. పని ముగిశాక ఆమె ప్రతిసారీ అడిగేది ఒకటే, నొప్పేమైనా ఉందా అని.

"ఏమీ లేదండీ," అన్నాడు అలవాటుగా. నవ్వి వచ్చేశాడు.

ఇంటికి వచ్చాక గానీ జరిగిన నష్టం తెలియలేదు. పన్ను బాగైపోయింది. ఇక ఆమెను చూడటానికి కారణం లేదు.

ఊరికే వెళ్లి పలకరించే మనుషులుంటారు. అతను ఆ జాతి కాదు. పక్కింటి తలుపు తట్టాలన్నా దారి తప్పి వచ్చిన కొరియర్ ఒకటి చేతిలో ఉండాలి. కారణం లేకుండా ఒకరి ముందు నిలబడటమంటే, నువ్వు నాకు కావాలి అని ఒప్పుకోవడమే. అంత బట్టబయలుగా అతను తన ముందు తాను కూడా ఎప్పుడూ నిలబడలేదు. అందుకే మనసు దొడ్డిదారి వెతికింది. పన్ను విరగాలి. కావాలని విరగ్గొట్టుకుంటే అది మోసం. తింటుండగా విరిగితే ప్రమాదం. ప్రమాదంలో ఎవరి తప్పూ ఉండదు. తనని తాను కూడా నమ్మించగలిగే ప్రమాదం కావాలి, అది ఏదో ఆమే చెప్పింది.

మర్నాడు మొక్కజొన్న గింజలు, పల్లీలు, పంచదార, వెన్న, వంటసోడా కొనుక్కొచ్చాడు.

ఇంట్లో అతనూ బామ్మా ఉంటారు. బామ్మ టెలిఫోన్ ఆపరేటర్‌గా రిటైరైంది. జీవితమంతా చెవికి తగిలించుకున్న పరికరంలో ఊళ్లోవాళ్ల మాటలు విన్న మనిషి. మనవడు వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకోవడం ఆమెకు వింతగా తోచింది గానీ ఏమీ అడగలేదు. అడిగితే మనుషులు మాట మారుస్తారని ఆమెకు అనుభవం.

మూత పెట్టిన గిన్నెలో గింజలు పేలుతుంటే రేకుల మీద వాన పడినట్టు వినిపించింది. ఆ చప్పుడు అతనికి నచ్చింది. ఆ తర్వాతదేదీ నచ్చలేదు. మొదటిసారి పంచదారలో నీళ్లు పోసి, భక్తిగా తిప్పుతూనే ఉన్నాడు. పాకం కాస్తా మళ్లీ పంచదారై కూర్చుంది. పాప్‌కార్న్ ఇసుకలో పొర్లాడి వచ్చినట్టుంది. తర్వాతి వారం, రెండోసారి తిప్పకుండా వదిలేశాడు. నల్లగా మాడి ఇల్లంతా పొగ కమ్మింది, ఎక్కడైనా వైరు కాలుతోందేమో చూడమని బామ్మ హాల్లోంచి కేకేసింది. ఆ పై వారం, మూడోసారి భయపడి ముందే దించేశాడు. పాకం గట్టిపడలేదు, రబ్బరులా సాగింది.

అయినా ఎడమవైపే పెట్టుకుని, కళ్లు మూసుకుని, విరుగు విరుగు అని పైకే గొణుక్కుంటూ, తపస్సు చేసినట్టు నమిలాడు. పన్ను చెక్కుచెదరలేదు. ఆమె పనితనం అంత గట్టిది. అతనికి నిరాశ కలిగింది, ఆమెను తలుచుకుంటే గర్వం కూడా కలిగింది. ఈ రెండూ ఒకే దవడలో ఎలా ఇమిడాయో అతనికే అర్థం కాలేదు.

మిగిలిన పాప్‌కార్న్ డబ్బాలో పెట్టి ఆఫీసుకి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి బామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. ముందు బల్ల మీద పళ్లెం, పళ్లెంలో పాప్‌కార్న్ ముద్ద, ముద్దలో పల్లీలతో పాటు బామ్మ పైవరస కట్టుడుపళ్ల సెట్టు. లాగి చూస్తే మధ్యలో బీట.

విరగాల్సిన పన్ను విరగలేదు. విరక్కూడని సెట్టు విరిగింది. కారణం మాత్రం దొరికింది. సంతోషించినందుకు సిగ్గుపడుతూ బామ్మను క్లినిక్‌కి తీసుకెళ్లాడు.

ఆమె బామ్మతో ఎంతో మెత్తగా మాట్లాడింది. అతని వైపు చూసేసరికి మాస్కు మీది కళ్లు గడ్డకట్టాయి. ఈసారి అవి తలకిందులుగా లేవు, పోల్చుకోవడానికి కష్టపడక్కర్లేదు.

"మీరు క్యాప్‌కి రాలేదేం?"

ఏ క్యాపని అతను అడిగాడు. రూట్ కెనాల్ చేసిన పన్ను గుల్లలాంటిదనీ, పైన క్యాప్ వెయ్యకపోతే ఎప్పుడైనా విరుగుతుందనీ, చివరి రోజు ఎదురుగా నిలబడి చెప్పాననీ, క్లినిక్ నుంచి ఫోన్లు కూడా చేశారనీ ఆమె పొడిపొడిగా వివరించింది. అతను తెలియని నంబర్లు ఎత్తడు. ఇన్ని వారాలుగా పొయ్యి ముందు నిలబడి వెతుక్కున్న కారణాన్ని ఆమె తన నోటితోనే చెప్పి పంపిందన్నమాట. సూచనలు చదవని వాళ్లందరినీ అతను ఆ క్షణంలో మనస్ఫూర్తిగా క్షమించాడు.

"నా మాట విననివాళ్లు నాకు కొత్త కాదులెండి," అందామె. "ఎల్లుండి పొద్దున రండి. పెద్ద డాక్టర్‌గారు వేస్తారు."

ఆమె గొంతులో ఉన్నది డాక్టర్ కోపం కాదని అతనికి అనిపించింది. డాక్టర్లు ఇంత బాధగా కోప్పడరు. కానీ అడగడానికి ధైర్యం చాల్లేదు. ఈలోగా బామ్మ ఆమెను దగ్గరికి లాక్కుని చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. పళ్లు లేకుండా పరాయివాళ్ల ముందు నోరు విప్పదు బామ్మ. డాక్టర్లను మాత్రం పరాయివాళ్లలో కలపదు.

మర్నాడు సాయంత్రం వాన. అతను మళ్లీ పొయ్యి ముందు ఉన్నాడు. పొద్దునకల్లా క్యాప్ పడుతుంది. పడితే ఆ పన్ను ఇక ఈ జన్మలో విరగదు, ఆమె దగ్గరికి వెళ్లే అవసరం ఎప్పటికీ రాదు. ఇదే ఆఖరి అవకాశం. పల్లీలు వేయించి పొట్టు తీశాడు. పేలని గింజలు ఏరకుండా ఉంచాడు, సాయపడతాయని. బాణలిలో పంచదార పోసి గరిట అందుకున్నాడు.

"తిప్పకండి."

వెనక్కి తిరిగాడు. వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. చేతిలో తడి గొడుగు, భుజాన సంచి. మాస్కు లేదు. వెనకాల బామ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అంచులు కరిగేదాకా గరిట పెట్టకూడదు. మంట తగ్గించండి." ఆమె గొడుగు మూలన పెట్టి, కుర్తా చేతులు పైకి మడుచుకుని, తనే వచ్చి తగ్గించింది. మీకెలా తెలుసని అతను అడిగితే, ఆదివారాలు కర్టెన్లు వేసుకుని చేసుకుంటానని ఒప్పుకుంది. పేషెంట్లు చూస్తే పరువు పోతుందట.

కాసేపు ఇద్దరూ పంచదార వైపే చూశారు. అంచులు తడిశాయి, మెల్లగా తేనె రంగు తిరిగాయి. ఆమె ఇప్పుడు గరిట అందించింది.

"సెట్టు ఇంటికి తెచ్చిమ్మని బామ్మగారు చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పారు, నేను నమ్మలేదు. మీరు పన్ను విరగ్గొట్టుకోవడానికి ఇది వండుతున్నారా?"

మొహం చూస్తూ అయితే అతను ఎప్పటికీ చెప్పేవాడు కాదు. కానీ పాకం మీంచి చూపు తిప్పడానికి వీల్లేదు, చెయ్యి ఆపడానికి వీల్లేదు. పారిపోవడానికి వాడుకునే అవయవాలన్నీ పనిలో ఉన్నాయి.

"అవును."

"విరిగితే?"

"మీ దగ్గరికి రావచ్చని."

బాణలిలో చిన్న బుడగ పగిలింది. ఆమె వెన్న ముక్క వేసింది, అది చిర్రుమని కరిగింది.

"రావడానికి పన్నెందుకండీ? నేను అడిగాను కదా."

"ఏం అడిగారు?"

"బాగుంది. అడిగితే నా మొహం మీదే 'ఏమీ లేదండీ' అన్నారు. వెటకారంగా ఒక నవ్వు నవ్వి మరీ వెళ్లారు. ఆ నవ్వుకి నాకు వారం రోజులు అన్నం సయించలేదు."

అతను ఆ రోజుని తవ్వుకున్నాడు. కుర్చీ, దీపం, ఒరిగిన పన్ను. తన నవ్వు.

"డాక్టర్‌గారూ, ఆ రోజు నా సగం మొహానికి మత్తిచ్చింది మీరే. నేను పూర్తిగానే నవ్వాను. సగమే బయటికొచ్చింది."

ఆమె చెయ్యి వంటసోడా డబ్బా మీద ఆగిపోయింది. కొన్ని వందల దవడలకు మత్తిచ్చిన చెయ్యి అది.

"మరి ఏమీ లేదన్నారు?"

"నొప్పి ఉందా అని అడిగారనుకున్నాను. నాకేమీ వినబడలేదు. మీరు మాస్కు తీశారు."

ఆమె చిటికెడు సోడా వేసింది. పాకం ఒక్కసారిగా నురగెత్తి బాణలి అంచుదాకా పొంగింది. ఇక మాటలకి వ్యవధి లేదు. పాప్‌కార్న్ పొయ్యండి, పల్లీలు కూడా, అడుగునుంచి కలపండి, గబగబా, అంటూ ఆమె ఒక గరిటతో, అతను ఒక గరిటతో ఎదురెదురుగా కలిపారు. వెన్న రాసిన పళ్లెంలోకి బోర్లించి, వేడి ఆరకముందే వేళ్లతో విడదీయసాగారు. అతను పల్లీ కోసం, ఆమె పాప్‌కార్న్ కోసం చెయ్యి పెడితే రెండు వేళ్లు ఒకే పాకంలో అంటుకున్నాయి. ఎవరూ తొందరపడి లాక్కోలేదు. కాలుతోందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

"క్యాప్ వేసేది పెద్ద డాక్టర్‌గారు, ఇవాళ్టితో మీరు నా పేషెంట్ కాదు, కాబట్టి అడగొచ్చు అన్నాను," ఆమె పళ్లెంతో చెప్పుకుంటున్నట్టు అంది. "ఎప్పుడైనా కాఫీకి వెళ్దామా అన్నాను. పొద్దున అద్దం ముందు అనుకుని చూసుకుని మరీ అన్నాను."

ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. కరకరలాడింది. అతనూ ఒకటి తీసుకోబోతే చేతిమీద కొట్టింది. క్యాప్ పడేదాకా వద్దట. పడ్డాక కూడా కుడివైపే నమలాలట.

"రేపు క్యాప్ వేశాక మీకు నా దగ్గర పనేం ఉండదు," అంది.

"పని లేకుండానే వస్తాను," అన్నాడు అతను. "ఊరికే."

ఆమె నవ్వింది. ఈసారి లెక్కగట్టుకోవడానికి ముడతలు అక్కర్లేదు.

గుమ్మం దగ్గర గాజులు చప్పుడయ్యాయి. బామ్మ చెయ్యి చాచి నిలబడి ఉంది. ఆమె నాలుక కరుచుకుని, చేతులు కడుక్కుని, సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. బామ్మ అటు తిరిగి సెట్టు పెట్టుకుంది, ఒకసారి పళ్లు టకటకలాడించి చూసుకుంది, ఇటు తిరిగింది.

"అమ్మాయ్, వీడికి ముఖ్యమైన మాటేదైనా చెప్పాల్సి వస్తే ముందు మాస్కు వేసుకో."

అలాగేనండీ బామ్మగారూ అంది ఆమె. అతనికి చెవులు ఎర్రబడ్డాయి. వాన తగ్గాక కాఫీకి వెళ్దామని ఆమె అంటే, తగ్గేదాకా ఎందుకు, గొడుగుంది కదా అని అతను అనేశాడు. అన్నాక ఆ మాట తనదేనా అని తనే ఆశ్చర్యపోయాడు. పొయ్యి ఆర్పి, చొక్కా మార్చుకుని, చెప్పులు ఎడమది కుడికి వేసుకుని, విప్పి మళ్లీ వేసుకున్నాడు.

వాళ్లు గుమ్మం దాటుతుంటే బామ్మ తలుపు పట్టుకుని, కాఫీ తాగడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. తొందరగానే వచ్చేస్తామని అతను చెప్పబోయాడు.

"మెల్లగా తాగండి," అంది బామ్మ. "చల్లారితే ఇంకోటి చెప్పుకోండి."